పద్యం పుట్టేచోటు

మెడ ముందు భాగంలో, నాలుక మొదలుకు దిగువన, వాయునాళం పైకొసన కూర్చున్న మృదులాస్థుల గూడు స్వరపేటిక. మెడ మీద వేలు పెట్టి గుటక వేస్తే అది పైకి లేచి మళ్లీ దిగడం తెలుస్తుంది. తోట్లవల్లూరు నుంచి దివిసీమ చివరి దాకా శ్రీరామనవమి పందిళ్లలో, తిరునాళ్లలో పద్యనాటకం ఆడే కళాకారుడికి కిరీటం, గద అద్దెకు దొరుకుతాయి. హార్మోనియం వాయించేవారు పక్క ఊరి నుంచి వస్తారు. స్వరపేటిక ఒక్కటే అతని సొంత సరుకు. అది ఎలా పనిచేస్తుందో తెలియకుండానే ఎందరో దాన్ని జీవితమంతా వాడారు, కొందరు పాడుచేసుకున్నారు కూడా.

పెద్దవాళ్లలో స్వరపేటిక మెడలోని మూడో వెన్నుపూస నుంచి ఆరో వెన్నుపూస దాకా ఉన్న ఎత్తులో ఉంటుంది. మొత్తం 9 మృదులాస్థులు: మూడు ఒంటివి, మూడు జంటలు. అన్నిటికన్నా పెద్దదైన థైరాయిడ్ మృదులాస్థిలో రెండు పలకలు ముందువైపు కలుసుకుంటాయి. ఆ కోణం మగవాళ్లలో 90 డిగ్రీలకు దగ్గరగా, ఆడవాళ్లలో 120 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. మగవాళ్ల మెడ మీద ముడి పొడుచుకొచ్చి కనిపించేది అందుకే. థైరాయిడ్ గ్రంథి వేరు. అది ఇంకా దిగువన వాయునాళాన్ని ఆనుకుని ఉంటుంది. థైరాయిడ్ మృదులాస్థి కింద ఉంగరం ఆకారంలో ఉండేది క్రికాయిడ్. శ్వాసమార్గం చుట్టూ పూర్తిగా తిరిగి వచ్చే మృదులాస్థి అదొక్కటే. ఉంగరం వెనక అంచు మీద ఎరిటినాయిడ్ అనే రెండు చిన్న మృదులాస్థులు కూర్చుంటాయి. అసలు కిటుకంతా వీటిలోనే ఉంది. ఇవి దగ్గరికి జరిగితే గొంతు మూసుకుంటుంది, విడిపోతే తెరుచుకుంటుంది.

స్వరతంత్రులు రెండూ ముందువైపు థైరాయిడ్ కోణం లోపల కలిసి ఉంటాయి, వెనకవైపు చెరొక ఎరిటినాయిడ్‌కు అతుక్కుంటాయి. ఇవి విడిగా బిగించిన తీగలు కావు, లోపలి గోడ నుంచి వచ్చిన మడతలు. పైన పలుచని పొర, దాని కింద మెత్తగా జారే పదార్థం, లోపల కండరం. కండరం బిగుసుకున్నా పైపొర దాని మీద అలలా కదలగలదు. ఈ సంగతిని జపాన్ వైద్యుడు మినోరు హిరానో 1974లో వివరించాక గొంతు శస్త్రచికిత్సల తీరే మారింది. వీటి పొడవు మగవాళ్లలో సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్లు, ఆడవాళ్లలో 12 నుంచి 17. పదిమందిని పొద్దుపోయేదాకా కదలకుండా కూర్చోబెట్టే పద్యానికి ఆధారం ఇంత చిన్నది!

స్వరతంత్రులను దగ్గరికి చేర్చే కండరాలు చాలానే ఉన్నాయి. విడదీసే జత మాత్రం ఒక్కటే, అది వెనకవైపు ఉంటుంది. వీటికి ఆజ్ఞ తెచ్చే నాడి విచిత్రమైన దారిలో నడుస్తుంది. మెడలోనే ఆగిపోకుండా ఛాతీ వైపు దిగుతుంది. ఎడమ నాడి గుండె నుంచి బయలుదేరే మహాధమని వంపు కింద చుట్టుకుని, కుడి నాడి భుజానికి వెళ్లే ధమని కింద చుట్టుకుని తిరిగి పైకి వస్తాయి. ఛాతీలో జబ్బు చేసినప్పుడు గొంతు బొంగురుపోవడానికి ఒక కారణం ఇదే. థైరాయిడ్ ఆపరేషన్‌లో శస్త్రవైద్యులు ఈ నాడిని వెతికి మరీ కాపాడతారు.

పాట స్వరపేటికకు రెండో పని. మొదటి పని ఊపిరికి కాపలా. గుటక వేసినప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, ఆకు ఆకారంలో ఉన్న ఉపజిహ్విక దాని మీదికి వాలుతుంది, లోపల స్వరతంత్రులు మూసుకుంటాయి. అన్నం తింటూ మాట్లాడితే ఈ వరస తప్పి మెతుకు అటు పోతుంది, పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని పెద్దవాళ్లు నెత్తిన తడతారు, కానీ అప్పుడు ప్రాణం కాపాడేది ఆ దగ్గే. ధాన్యం బస్తా భుజానికెత్తుకునే మనిషిని దగ్గర నుంచి గమనిస్తే ఈ కాపలా మరో రూపంలో కనిపిస్తుంది. ఎత్తే ముందు ఊపిరి పీల్చి బిగబడతాడు. గొంతు మూసుకుని ఛాతీలో గాలి నిలవడంతో నడుముకు బలం వస్తుంది. బస్తా భుజం మీద కుదురుకున్నాక ‘హుఁ’ అని గాలి వదులుతాడు.

ఇంత గట్టిగా మూయగల తలుపును సుతారంగా వాడుకోవడమే గానం. స్వరతంత్రులు తేలిగ్గా దగ్గరికి చేరతాయి. ఊపిరితిత్తుల గాలి కింద నుంచి నెట్టి వాటిని విడదీస్తుంది. గాలి దూసుకుపోగానే వాటి సాగేగుణం, అక్కడ తగ్గిన పీడనం మళ్లీ దగ్గరికి లాగుతాయి. సన్నాయి పీకలో రేకుల మాదిరి ఇది సెకనుకు వందలసార్లు జరుగుతుంది. ప్రతి కదలికకూ మెదడు ఆజ్ఞ అక్కర్లేదని వాన్ డెన్ బెర్గ్ అనే శాస్త్రవేత్త 1958లో స్పష్టం చేశారు. మామూలు మాటకు 5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి పీడనం చాలు. ఎలుగెత్తి పాడేటప్పుడు అది మూడు నాలుగు రెట్లవుతుంది.

స్థాయి పెరగాలంటే క్రికాయిడ్, థైరాయిడ్‌ల మధ్య కండరం బిగిసి తంత్రులను సాగదీయాలి. హార్మోనియం లెక్కలో చెబితే, ఒకటో శ్రుతిలో పాడే మగ గొంతుకు మధ్య షడ్జమం సెకనుకు సుమారు 131 కంపనాలు, నాలుగో శ్రుతిలో 175. నాలుగో శ్రుతిలో తారషడ్జమం అందుకుంటే 349. దాన్ని పది సెకన్లు నిలిపితే రెండు మడతలూ దాదాపు మూడున్నర వేలసార్లు కొట్టుకుంటాయి. తంత్రులను మరీ సాగదీస్తే పలుచని అంచులు మాత్రమే కంపించి సన్నగొంతు వస్తుంది. స్త్రీ పాత్ర కట్టే మగ కళాకారుడికి ఆ దారి కూడా ఉంది.

ఇక పద్యం. ఈ ప్రాంతపు వేదికల మీద ఎక్కువగా వినిపించేవి తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలు. ఆ జంటలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. సమాసం విరగకుండా ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే తేల్చుకున్నవాడికి పాదం చివర రాగం తీయడానికి గాలి మిగులుతుంది. తేల్చుకోనివాడిని చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. చివరి అక్షరాలకు వచ్చేసరికి గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, స్వరపేటిక దవడ కిందికి ఎక్కిపోతుంది. గాలి చేయాల్సిన పని గొంతు కండరాలు మీద వేసుకున్నాయన్నమాట. జనం ‘వన్స్‌మోర్’ అన్నప్పుడు ఆ గొంతే రెండోసారి కూడా నలుగుతుంది. చప్పట్లకు లొంగకుండా రెండోసారి ఒక మెట్టు దించి పాడే కళాకారుడు ఎక్కువ గౌరవానికి అర్హుడు.

మైకు వచ్చాక ఈ భారం తగ్గాల్సింది. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావు మైకు ముందు పద్యాన్ని ఎలా పలకవచ్చో చూపించారు. మంద్రంలోనూ అక్షరం స్పష్టంగా వినిపిస్తుంది, రాగం భావానికి సరిపడా వచ్చి ఆగుతుంది. అయినా పల్లె వేదికల మీద మైకు ఉన్నా, అది లేని కాలపు గట్టిదనంతోనే పాడేవారు ఇంకా ఉన్నారు. అది సంప్రదాయమని సమర్థించుకోవచ్చు గానీ గొంతుకు మాత్రం మంచిది కాదు.

అదేపనిగా గట్టిగా పాడితే స్వరతంత్రుల ముందు మూడోవంతు ముగిసేచోట, రెండూ ఎక్కువగా తాకే దగ్గర, కాయల్లాంటి చిన్న బుడిపెలు లేస్తాయి. గొంతు జీరబోతుంది, పైస్థాయి అందదు. మిరియాల పాలు హాయినిస్తాయి కానీ అవి ఆహారవాహికలోకి పోతాయి, స్వరతంత్రులను తాకవు. రోజంతా నీళ్లు తాగడం, నాటకం మరునాడు గొంతుకు సెలవివ్వడం అంతకన్నా మేలు. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, ముఖ్యంగా చుట్ట, సిగరెట్ అలవాటున్నవారు, చెవి ముక్కు గొంతు వైద్యుడికి చూపించాలి. అది క్యాన్సర్ తొలి గుర్తు కావచ్చు. తొలి దశలో చాలా కేసులు నయమవుతాయి. పరీక్ష కష్టమైనది కాదు. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత ఉపాధ్యాయుడు పళ్ల వైద్యుల అద్దాన్ని, సూర్యకాంతిని ఉపయోగించి తన స్వరతంత్రులు కదలడం తానే చూసుకున్నారు. ఇప్పుడు ఆ పని సన్నని కెమెరా గొట్టం చేస్తోంది.

బుడిపెలకు మొదటి చికిత్స కత్తి కాదు, స్వరచికిత్స. ఊపిరి తీసే పద్ధతి, మాట మొదలుపెట్టే పద్ధతి మార్చుకుంటే చాలావరకు అవే తగ్గుతాయి. తగ్గక శస్త్రచికిత్స చేయాల్సి వస్తే ఆ తరవాత కొన్ని రోజులు మౌనం పాటించి, మెల్లగా సాధన మొదలుపెట్టి, శ్రుతి తగ్గించుకుని, కొన్ని వారాలకు మళ్లీ పద్యం ఎత్తుకోవాలి.