నమ్మకానికి కులం లేదా?

స్టాన్‌ఫర్డ్ అర్థశాస్త్రవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. ముంబై దగ్గర తారాపూర్, ఉంబర్‌గావ్‌లలో 17 కుటుంబ సంస్థల బట్టల మిల్లుల్లో చేసిన ప్రయోగం అది. కొన్ని మిల్లులకు ఐదు నెలలపాటు కన్సల్టెంట్లను ఉచితంగా పంపారు. బట్టలో లోపాల లెక్క రాయడం, నూలు గోదాము సర్దడం, మగ్గాలు చెడక ముందే చూసుకోవడం లాంటి 38 పద్ధతులు చెప్పారు. మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఈ లెక్కను మేం కాదనడం లేదు. మిల్లు లోపలికెళ్లి కొలిచారు, అది గొప్పే.

మా పేచీ వేరే దగ్గరుంది. బాగా నడిచే మిల్లు ఎందుకు పెద్దదవదని వాళ్లే అడిగారు. దొరికిన జవాబుల్లో ఒకటి: యజమాని బయటివాణ్ణి నమ్మడు. దొంగిలిస్తాడని భయం, కోర్టుకెళ్తే తేలదు. అందుకే ఇంట్లో మగాళ్లు ఎంతమందో, మిల్లులూ దాన్నిబట్టే. (కూతుళ్లేమయ్యారో యజమానులే చెప్పాలి!) సరే, ఈ దేశంలో కుటుంబమంటే ఏమిటి? కులం లోపలి పెళ్లిళ్లతో కట్టిన గోడ. దీన్ని ఉత్త 'నమ్మకలేమి' అని రాస్తే కులం కాస్తా కోర్టుల జాప్యంగా మారిపోతుంది. రేపు కోర్టులు బాగుపడితే దళితుడు మేనేజరైపోతాడా? 2010 నాటి వెయ్యి కంపెనీల బోర్డుల్ని పరిశీలించిన మరో అధ్యయనంలో డైరెక్టర్లు నూటికి 90 మందికి పైగా అగ్రకులాలవాళ్లే.

ఇదే పరిశ్రమ చరిత్ర చూడండి. బొంబాయి మిల్లుల్లో కూలి ఎక్కువుండే నేత విభాగంలోకి దళితుల్ని రానిచ్చేవాళ్లు కాదు. కండె మార్చినప్పుడు పోగును నోటితో పీల్చి నాడె కన్నంలోంచి లాగాలి. అంటరానోడి ఎంగిలి అంటుతుందని అడ్డం పడింది తోటి సవర్ణ కార్మికులే. 1928 సమ్మెలో అంబేడ్కర్ ఈ సంగతిని కార్మిక నాయకుల ముందు పెట్టారు. పని వచ్చినోణ్ణి మగ్గం ముట్టనీయకపోవడం కంటే చెడ్డ నిర్వహణ ఏముంటుంది? ఆ 38లో మాత్రం కులం ఊసు లేదు.

అనిశ్చితి పెరిగితే సంస్థలు పెట్టుబడీ నియామకాలూ ఆపి చూస్తాయని బ్లూమ్ 2009లో చూపించారు. నిజమే. యజమాని ఆగగలడు. రోజుకూలీ ఏం తిని ఆగుతాడు?

ఎనిమిది తొమ్మిదేళ్లకు వాళ్లు మళ్లీ వెళ్లి చూస్తే, అమలుచేసిన పద్ధతుల్లో దాదాపు సగం వదిలేసి ఉన్నారు. మేనేజర్లు మారిపోవడం అందుకు ఒక కారణం. మూడోసారి వెళ్తే ఆ మేనేజర్లదీ, మేస్త్రీలదీ, మగ్గాల దగ్గర నిలబడ్డోళ్లదీ కులం కూడా రాసుకు రమ్మంటున్నాం.