జన్యువుల పట్టికయు, వ్యాధి కారణమును
(డాక్టరు వంశీ మూతా పరిశోధనలపై ఒక పరిశీలన)

మైటోకాండ్రియాలు జీవకణమునకు శక్తి నిచ్చునని విద్యార్థు లెరుగుదురు. వానికి సొంత జన్యువులు 37 గలవు. అందు 13 మాత్రమే మాంసకృత్తులకు ఆదేశము లిచ్చునవి. అచ్చట పనిచేయు తక్కిన వేయికి పైగా మాంసకృత్తులకు ఆదేశములు కేంద్రకములోని జన్యువులనుండి రావలెను. ఈ పొత్తు చెడినచో ఏ వ్యాధి కలుగును? తెలుగు కుటుంబమునకు చెంది, అమెరికాలో పెరిగి, గణితమును పిదప వైద్యమును చదివిన డాక్టరు వంశీ మూతా చేపట్టిన ప్రశ్న ఇది. ఈయనకు 2014లో పద్మశ్రీ లభించినది.

2003లో ఈయన సహచరులతో ప్రకటించిన రెండు పరిశోధనలను పోల్చి చూడదగును.

మొదటిది, కెనడాలోని క్విబెక్ ప్రాంతమున పసిపిల్లలను బలిగొను ఒక విధమగు లీ వ్యాధిని గూర్చినది. దోషము 2వ క్రోమోసోములో ఒక భాగమున నున్నదని అదివరకే తెలియును. ఆ భాగములోని ఏ జన్యువు మైటోకాండ్రియా సంబంధమగు జన్యువులతో పాటు హెచ్చి తగ్గుచున్నదో లెక్కకట్టి, ఎల్.ఆర్.పి.పి.ఆర్.సి. అను జన్యువును గుర్తించిరి. అంతటితో తృప్తిపడక, రోగుల జన్యువులో మార్పును గూడ చూపిరి.

రెండవది, మధుమేహము గలవారును లేనివారును కలిసి 43 మంది పురుషుల కండరములను గూర్చినది. రోగులలో శక్తి నుత్పత్తిచేయు జన్యువుల పని సుమారు నూటికి 20 పాళ్లు తగ్గినది. ఒక్కొక్క జన్యువునే చూచినచో ఇంత స్వల్పమగు తగ్గుదల పట్టుబడదు. గుంపుగా చూచుటయే ఈ పద్ధతిలోని విశేషము. కాని ఆ తగ్గుదల మధుమేహమునకు కారణమా, ఫలితమా? ఈ లెక్క ఒక్కటియే ఆ సంగతి చెప్పజాలదు. ఊరిలో జ్వరములు వ్యాపించినపుడు బడిలో హాజరు తగ్గును; హాజరు తగ్గుటచే జ్వరములు రాలేదు గదా!

2008లో ఈయన బృందము 1,098 జన్యువుల పట్టికను వెలువరించినది. కాల్షియమును మైటోకాండ్రియాలోనికి విడుచు ద్వారపు జన్యువును 2011లో ఈ బృందమును, ఇటలీలోని మరొక బృందమును వేర్వేరుగ కనుగొన్నవి. ఇరువురికిని ఆ పట్టికయే తోడ్పడినది. అయినను ఆ జన్యువు పనిని అణచి, కాల్షియము చేరిక తగ్గునని ప్రయోగముచే చూపిన పిమ్మటనే ఆ మాట నిలిచినది.

ఉపాధ్యాయులు ఈ పరిశోధనలను బోధించునపుడు కనుగొన్న సంగతులతో పాటు, ఏది అనుమానమో ఏది నిరూపణమో విడదీసి చెప్పుట మేలు.