మెట్టు వదిలే చోట

ఆర్గన్ మెట్టును గట్టిగా కొట్టినా, మెల్లగా తాకినా శబ్దం ఒకే మోతాదులో వస్తుంది. పియానో స్వరం మోగిన మరుక్షణం నుంచే సన్నగిల్లుతుంది. ఆర్గన్ స్వరం అలా కాదు. వేలు తీసేదాకా అదే బలంతో నిలబడి, తీయగానే ఆగిపోతుంది. కాబట్టి వాయించేవాడి చేతిలో ఉన్నవి రెండే క్షణాలు: స్వరం మొదలయ్యేది, ముగిసేది. రెండోదే కష్టం. ఇంట్లో సాధనకని చేసే ఆర్గన్లను, పైపులవైనా డిజిటల్‌వైనా, నేను ముందు ఆ చోటే పట్టి చూస్తాను.

ఇంట్లో సాధన చేయాలన్న కోరిక పాతదే. పద్దెనిమిదో శతాబ్దపు జర్మనీలో చర్చి ఆర్గన్ మోగాలంటే వెనకాల తిత్తులు తొక్కే మనుషులు ఉండాలి. పైగా చలికాలంలో ఆ రాతి గోడల మధ్య వేళ్లు కొంకర్లు పోయేవి. అందుకని ఇంట్లో కాలిమెట్లు బిగించిన క్లావికార్డు అనే తీగల వాద్యం పెట్టుకునేవారు. బాఖ్ తన పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం ఆరు ట్రయో సొనాటాలు కూర్చాడని 1802లో బాఖ్ జీవితచరిత్రకారుడు ఫోర్కెల్ రాశాడు. కుడిచేతికో పాట, ఎడమచేతికో పాట, పాదాలకో పాట. మూడూ వేటి దారిన అవి నడుస్తాయి, ఏ తప్పూ దాగదు. 1845లో స్వరకర్త షూమన్ డ్రెస్డెన్‌లో పియానోకి కాలిమెట్లు పెట్టించుకుని సాధన చేశాడు. 1913లో ఆఫ్రికాలోని లాంబరెనేకి వైద్యం చేయడానికి వెళ్లిన ఆల్బర్ట్ ష్వైట్జర్ దగ్గర, ఉష్ణదేశపు తేమకు తట్టుకునేలా కట్టిన పెడల్ పియానో ఉండేది. పారిస్ బాఖ్ సొసైటీ వాళ్ల కానుక అది. ఇవన్నీ పాదాలకు మంచి గురువులే. కాని తీగ మీద స్వరం దానంతటదే చచ్చిపోతుంది కనుక, ముగింపు బాధ్యత వేలి మీద సగమే పడుతుంది.

పూర్తిగా పడేది గాలి వాద్యంలోనే. మన నాటక రంగం హార్మోనియం పెట్టెను విప్పి చూసినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది: మెట్టు నొక్కితే ఒక చిన్న మూత లేచి, గాలికి దారి దొరుకుతుంది. పైపు ఆర్గన్‌లోనూ మూతే. అయితే అది గాలి నిండిన పెట్టె లోపల ఉంటుంది. ఆ గాలే దాన్ని పైకి అదిమిపెట్టి మూసి ఉంచుతుంది. మెట్టు కదిలించగానే వేలికి ముందొక అడ్డు తగులుతుంది. మూత వెంట్రుకవాసి తెరుచుకుందో లేదో, రెండు పక్కలా ఒత్తిడి సమానమవుతూ ఆ అడ్డు సడలిపోతుంది. గాలి ఎక్కడ మొదలైందో చెవికంటే ముందు వేలికే తెలుస్తుంది.

ఈ కబురు వేలికి చేరాలంటే మధ్యలో ఉన్న చెక్కపని గొప్పగా ఉండాలి. మెట్టుకీ మూతకీ నడుమ సన్నటి చెక్కబద్దలు. నార తిన్నగా సాగిన కొయ్యను ఏరి, బరువు లేకుండా చెక్కినవి. కొన్ని ఆర్గన్లలో మెట్టుకి వెనక చివర మాత్రమే ఇరుసు ఉంటుంది. మిగతాదంతా ఆ బద్దకే వేలాడుతుంది. మూతకు అతికిన తోలు ఏమాత్రం ముడుచుకున్నా గాలి కారి, ఎవరూ తాకకుండానే పైపు ఊళ పెడుతుంది. అన్నీ కుదిరిన వాద్యంలో మాత్రం మెట్టును నిదానంగా వదిలితే మూత నిదానంగా మూసుకుంటుంది. స్వరం తెగినట్టు కాకుండా మడిచినట్టు ఆగుతుంది. చిన్న తేడాయే. సాధన అంతా ఆ చిన్న తేడా కోసమే.

ఇంట్లో చోటు ఇంకో చిక్కు. ఒకే తీరు ధ్వని పలికే పైపుల వరసను స్టాప్ అంటారు. ఎనిమిదడుగుల స్టాప్‌లో అట్టడుగు స్వరానికి తెరిచిన పైపు దాదాపు 2.4 మీటర్ల పొడవుండాలి. దాని కింద గాలిపెట్టె, పాదం. మామూలు గది కప్పు అందుకు చాలదు. పైపు పైచివర మూసేస్తే సగం పొడవుతోనే అదే స్వరం పలుకుతుంది. కాస్త మెత్తగా, బోలుగా ఉంటుందా ధ్వని. రెండు వరసల చేతిమెట్లు, కాలిమెట్లు, ఒక్కోదానికి ఒక్కో స్టాప్: సాధన ఆర్గన్ అంటే చాలాచోట్ల ఇంతే. చర్చిలో పైపు ఎదుటి గోడదాకా మాట్లాడాలి. ఇక్కడ వినేవాడు మూరెడు దూరంలో కూర్చుంటాడు. అందుకని పైపులకు గొంతు దిద్దే పనివాడు పైపు కింది రంధ్రాన్ని, నోటి ఎత్తును తగ్గించి, స్వరం మొదట్లో వచ్చే చిన్న రాపిడి శబ్దాన్ని మాత్రం చెరిపేయకుండా ఉంచుతాడు. అది పోతే స్వరం ఎప్పుడు మొదలైందో చెవికి తెలియదు.

ఇక డిజిటల్. అమెరికాలో అలెన్ కంపెనీ 1971లో డిజిటల్ ఆర్గన్ అమ్మకానికి తెచ్చింది. ఇవాళ హాప్ట్‌వెర్క్, గ్రాండ్‌ఆర్గ్ లాంటి సాఫ్ట్‌వేర్‌ల కోసం, అసలు ఆర్గన్ ఉన్న చోటికే వెళ్లి పైపు పైపునీ విడిగా రికార్డు చేస్తారు. ఇందులో నాకు ముచ్చటేసే పనితనం స్వరం తోకలో ఉంది. మెట్టును క్షణకాలం తాకి వదిలితే చర్చి ఇంకా శబ్దంతో నిండదు, కనుక ప్రతిధ్వని పొట్టిది. చాలాసేపు నొక్కి వదిలితే అది వేరే. అందుకని శ్రద్ధగల రికార్డిస్టులు ఒకే పైపును పొట్టిగా, మధ్యస్థంగా, పొడవుగా మోగించి మూడు ముగింపులు పట్టుకుంటారు. మీరు ఎంతసేపు నొక్కారో చూసి సాఫ్ట్‌వేర్ తగిన తోకను ఎంచుకుని, శబ్దతరంగం ఎగుడుదిగుళ్లు కలిసే చోట అతుకుతుంది. అతుకు వినిపించదు. పైపుల పనివాళ్లు తోలుతో సాధించినదాన్ని వీళ్లు అంకెలతో వెతుకుతున్నారు.

కాని ఆ తోకే శిష్యుణ్ణి చెడగొడుతుంది. పెద్ద చర్చిలో సెకన్ల తరబడి తేలే ప్రతిధ్వని రెండు స్వరాల మధ్య అతుకులబొంతను కప్పేసి, వాయించినవాడికి లేని గొప్పతనాన్ని అంటగడుతుంది. పైగా డిజిటల్ మెట్టు కింద ఉన్నది ఒక స్విచ్. పట్టింది, వదిలింది, అంతే. మడతకు చోటు లేదు. మంచి తయారీదారులు మెట్టు కింద అయస్కాంతం పెట్టి ఆ తొలి అడ్డును తెప్పిస్తారు. నొక్కేటప్పుడు చాలా నమ్మకంగా ఉంటుంది, వదిలేటప్పుడే వేలికి చెప్పే కబురేమీ ఉండదు.

అలాగని డిజిటల్‌ను తీసిపారేయలేను. అర్ధరాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ట్రయో సొనాటా వాయించుకోవడం పైపులతో కుదిరే పని కాదు. ఎండాకాలం గది వేడెక్కితే పైపుల శ్రుతి పైకి పోతుంది, దీనికి ఆ బెడద లేదు. అపార్ట్‌మెంటులో ఉండేవాడికి వేరే దారీ లేదు. నా సలహా అడిగితే, యాభై స్టాపుల మీద పెట్టే డబ్బు మెట్ల మీద, కాలిమెట్ల మీద పెట్టమంటాను. ప్రతిధ్వని లేకుండా, మైకు పైపు దగ్గర పెట్టి రికార్డు చేసిన ఆర్గన్‌ను ఎంచుకోమంటాను. దుకాణంలో అమ్మేవాళ్లు అన్ని స్టాపులూ లాగి హోరెత్తిస్తారు. అవన్నీ మూసేయించి, ప్రతిధ్వని ఆపించి, ఒక్క ఎనిమిదడుగుల ఫ్లూట్ మీద ఒకే మెట్టును నిదానంగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ నొక్కి చూడాలి. స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ మీరు అనుకున్నంతే వినిపిస్తోందా, లేక మెట్టు పూర్తిగా పైకి రాకముందే తనకు తోచినట్టు తెగుతోందా, అక్కడే తెలిసిపోతుంది.