అవడమా, చేయడమా?

సిటీబస్సులో ఇద్దరు కూర్చునే సీటు దగ్గరికి మూడో ఆవిడ వచ్చి "కొంచెం అడ్జస్ట్ అవుతారా అమ్మా" అంటుంది. జరుగుతాం. ఆమె సంచీ మన ఒళ్ళోకి వస్తుంది, మాటలు కలుస్తాయి. ఈ మాటలోని మంచితనమంతా ఆ సీటులోనే ఉందనిపిస్తుంది నాకు. దీని లాటిన్ మూలం 'జుక్స్టా'. అంటే దగ్గరగా అని అర్థం. దారిలో ఎక్కడో జనం దాన్ని 'జస్టస్'కి, అంటే న్యాయానికి, చుట్టమనుకున్నారు. అది పొరపాటు చుట్టరికమని నిఘంటుకారులు తేల్చారు. న్యాయం ఆ మాటలో మొదట్నుంచీ లేదన్నమాట!

ఇంగ్లీషులో గడియారాన్ని, కళ్ళజోడుని అడ్జస్ట్ చేస్తారు. మనిషి తన అవసరానికి వస్తువుని మారుస్తాడు. మనస్తత్వశాస్త్రం చేతిలో పడ్డాక మనిషే సరిచేయాల్సిన వస్తువయ్యింది. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణలో 'అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్' అనే పేరే చేరింది. ప్రపంచబ్యాంకు దగ్గర ఇదే మాట దేశాలకి పెట్టే షరతు. 1991 తర్వాత మన పత్రికలు దాన్ని 'వ్యవస్థాగత సర్దుబాటు' అని అనువదించాయి. 1996లో మన రాష్ట్రంలో రెండు రూపాయల కిలో బియ్యం మూడున్నర అయినప్పుడు సర్దుబాటు ఎవరి కంచంలో జరిగిందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

తెలుగులో ఈ మాట ఒంటరిగా బతకదు, పక్కన మన క్రియ ఒకటి కావాలి. అసలు రాజకీయమంతా ఆ క్రియలో ఉంది. "ఒక ఐదొందలు అడ్జస్ట్ చెయ్యి" అన్నప్పుడు చేసేవాళ్ళ చేతిలో ఏదో ఉంది, ఇవ్వనని కూడా అనగలరు. "అడ్జస్ట్ అవు" అన్నప్పుడు చేతిలో ఏమీ లేదు, మనమే ఆ ఐదొందలు. అచ్చతెలుగుదైనా ఇంతకంటే మెరుగు కాదు. బీరువా సర్దుతాం, ప్రయాణానికి బట్టలు సర్దుకుంటాం, కాపురంలో సర్దుకుపోతాం. చివరి మాటలో ఆ 'పోవడం' చూడండి. వెళ్ళేది ఎవరో వ్యాకరణం దాచలేదు.

అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు' చదివినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. కుండీలోని తురాయి మొక్క చిన్నగా ఉండడమే దాని అందమని చూపించి మురిసిపోతుంది చెల్లెలు. పల్లెటూరి నుంచి వచ్చిన అక్కకి అందులో ఆడదాని బతుకు కనిపిస్తుంది. కథ బలం మొక్క పొట్టిగా ఉండడంలో లేదు, దాన్ని ఎంతో ప్రేమగా పెంచడంలో ఉంది. కత్తిరించేవాళ్ళు క్రూరులైతే గుర్తుపట్టడం తేలిక. విమర్శకులు దీన్ని అణచివేతకి ప్రతీక అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఆ ప్రేమని వదిలేస్తే కథలో సగం పోయినట్టే.

ఈ మాటకి ఇంకా చీకటి అర్థం ఉంది. కేరళ ప్రభుత్వం 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చింది. మలయాళ సినిమా రంగంలో స్త్రీలకి బాగా పరిచయమైన రెండు మాటలుగా అది 'అడ్జస్ట్‌మెంట్', 'కాంప్రమైజ్' అనే వాటిని పేర్కొంది. లైంగికంగా లొంగమని అడగడానికి ఇంత మర్యాదైన మాట! తెలుగువాళ్ళకి దాన్ని అనువదించాల్సిన అవసరం రాలేదు. బస్సులో విన్నదీ అదే మాట కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇదంతా రాస్తున్న నేను బయట నిలబడి లేను. మా పిన్ని కూతురు పెళ్ళయిన ఏడాదికి పుట్టింటికి వచ్చేసినప్పుడు పెద్దవాళ్ళంతా కూర్చున్నారు. ఉద్యోగం మానేయమన్నారనీ, జీతం కార్డు అత్తగారి దగ్గరే ఉంటుందనీ చెప్పింది. కొట్టాడా అని అడిగారు. లేదంది. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పవే" అని పిన్ని నా వైపు తిరిగింది. అప్పటికి నా సిద్ధాంతగ్రంథంలో స్త్రీల కథల్లో మౌనం మీద ఒక అధ్యాయమే ఉంది. "కొన్నాళ్ళు అడ్జస్ట్ అయి చూడు" అన్నాను. అది నా నోట్లో సిద్ధంగా ఉంది, వెతుక్కోనక్కర్లేకపోయింది.

వెళ్ళింది. పధ్నాలుగు నెలలుంది. ఇప్పుడు వేరే ఊళ్ళో గది తీసుకుని ఉద్యోగం చేసుకుంటోంది. ఆ రోజు సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. మొన్న ఫోన్ చేసింది. "అక్కా, ఇంటి అడ్వాన్సుకి నాలుగు వేలు తక్కువయ్యాయి, అడ్జస్ట్ చేస్తావా?" అని అడిగింది.