'ఎవడు': ముఖం ఒకడిది, మనిషి ఇంకొకడు

వంశీ పైడిపల్లి 'ఎవడు' (2014)ని ఇప్పుడు ఫైట్ల కోసం చూడక్కర్లేదు. ముఖం కాలిపోయిన అల్లు అర్జున్‌కి డాక్టర్ చనిపోయిన తన కొడుకు ముఖం పెడుతుంది. అక్కణ్ణుంచి అతను రామ్ చరణ్. ఆ ముఖంతో పాటు ఆ కొడుకు శత్రువులూ వెంటపడతారు. తనకు తెలియని గొడవలకి తన ముఖం జవాబు చెప్పాలి. సినిమాలో అసలు భయం ఇదే. దర్శకుడు మాత్రం దీన్ని ఇంకో పగకి దారిగా వాడుకుని వదిలేశాడు.

2017 నాగర్‌కర్నూల్ హత్యకి ఈ సినిమానే ప్రేరణ అని వార్తలొచ్చాయి. భర్తని చంపి, ప్రియుడి ముఖం కాల్చి, అతన్నే భర్తగా ఆసుపత్రిలో చేర్పించారని పోలీసులు చెప్పారు. మటన్ సూప్ వద్దనడంతో ఇంటివాళ్ళకి అనుమానం బలపడింది. వేలిముద్రలు తేల్చాయి.

మరుసటి ఏడాదే తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లోకి ముఖాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వచ్చింది. కోడ్ రాసేవాడిగా చెప్తున్నా, ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కి 'వీడెవడు' అన్నది తెలీదు. ముఖాన్ని అంకెలుగా మార్చి, పాత ఫొటోలతో ఎంత పోలిక ఉందో స్కోరిస్తుంది. ఎంత దాటితే 'వీడే' అనాలో గీత గీసేది మనిషే. ఆ గీత కాస్త కిందకి జరిగితే, పాలమూరు నుంచి పనికొచ్చిన కూలీకి ఇంకొకడి కేసు చుట్టుకోవచ్చు. అతనికి ఫైట్లు రావు.

2021లో హైదరాబాద్‌లో పోలీసులు ఆపి తన ఫొటో తీసుకున్నారని ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకి వెళ్ళారు. సినిమా టైటిల్లో పెట్టుకుని వదిలేసిన ప్రశ్న అలా కోర్టు దాకా వచ్చింది.