ఇంట్ల ఉంటది

1991 జనాభా లెక్కలప్పుడు సారపాకలో మా ఇంటికి ఒక పంతులు వచ్చాడు. పెద్ద కాగితం ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కరి పేరూ రాసుకున్నాడు. అమ్మీ పేరు దగ్గర ఆగి, "ఆమె ఏం పని చేస్తది?" అని అడిగాడు. అబ్బా తడుముకోకుండా "ఏం చెయ్యదు సార్, ఇంట్ల ఉంటది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పరదా వెనక అమ్మీ కుట్టుమిషను తొక్కుతూనే ఉంది. కొత్తగూడెంలో ఒక బట్టల దుకాణానికి డజన్ల లెక్కన లంగాలు కుట్టి పంపేది. అబ్బా వెదురు లారీ మీద క్లీనరు. వానల్లో లారీ ఆగిపోయిన నెలల్లో మా పొయ్యి వెలిగింది ఆ లంగాలతోనే. ఆ చప్పుడు పంతులు చెవిన పడలేదా? పడే ఉంటుంది. చాయ్ తాగి పక్కింటికి వెళ్లిపోయాడు.

తమాషా ఏమిటంటే ఆ ఏడాది ఫారంలోనే ప్రశ్న మార్చారు. ఆడవాళ్ల పని లెక్కకు రావడం లేదని గొడవ జరిగాక, పొలంలోగానీ ఇంటి వృత్తిలోగానీ జీతం లేకుండా చేసేది కూడా పనేనని అందులో చేర్చారు. ఫారం మారింది, అబ్బా జవాబు మారలేదు. ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. బీవీ సంపాదన తింటున్నాడని బస్తీలో అనిపించుకోవడం ఆయనకు చావుతో సమానం. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఇజ్జత్. నా గొడవ ఆ మాటతోనే. మన అస్తిత్వ సాహిత్యం ఆ జవాబును ఎంతవరకు నిలదీసింది?

అదే 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్జలా', 2004లో 'వతన్', 2005లో షాజహానా 'నఖాబ్'. ఈ దేశంలో నీ ఇల్లెక్కడ అని మనల్ని అడిగే వాళ్లకు తెలుగులో గట్టిగా జవాబు చెప్పిన పుస్తకాలివి. నేను తెలుగులో రాసే ధైర్యం తెచ్చుకున్నది కూడా వీటివల్లే, ఆ రుణం తీరేది కాదు. మన ఆడవాళ్ల బాధ కూడా వీటి వెంటే గడప దాటింది. బుర్ఖా, తలాక్, చదువు మాన్పించడం, కట్నంగా మారిన జోడేకీ రఖమ్ - వీటి మీద మన కవయిత్రులు ముల్లాలనూ వదల్లేదు, మొగుళ్లనూ వదల్లేదు. మరి పని? వెతికితే మిషను తొక్కే అమ్మీలు, బీడీలు చుట్టే ఖాలాలు దొరక్కపోరు. కానీ చాలాచోట్ల వాళ్లు పేదరికానికి గుర్తుగా ఒక మూల కూర్చుని ఉంటారు. వాళ్ల కష్టం కనిపిస్తుంది, కూలి కనిపించదు. వెయ్యికి ఎంత ఇచ్చారు, ఎవరిచ్చారు, ఎంత కోసుకున్నారు అన్న లెక్క మన కథల్లోకి రావాల్సినంత రాలేదు.

ఉర్దూ వైపు చూసినా ఇదే తంతు. ఇస్మత్ చుగ్తాయీ 'చౌథీ కా జోడా'లో కుబ్రా తల్లి బట్ట కోయడంలో మొహల్లాకే ఉస్తాద్. బట్ట చాలకపోతే అందరూ ఆమె దగ్గరికే పరుగెత్తుకొస్తారు. ఆ చేతులే కూతురి పెళ్లిబట్టలు కొలిచి కొలిచి, చివరికి కఫన్ కోస్తాయి. ఆ కథ చదివి ఏడవని వాళ్లను నేను చూడలేదు. కానీ అంత హునర్ ఉన్న మనిషికి మొహల్లా ఏమిచ్చిందని అడిగిన వాళ్లనూ చూడలేదు. హునర్ అని మెచ్చుకుంటే మజూరీ అడగక్కర్లేదు గదా! తెలుగు స్త్రీవాదం ఇంకోవైపు నుంచి వచ్చింది. విమల 'వంటిల్లు' ఆడదాని బతుకును మింగేసిన వంటగదిని కూల్చేయమంది. మంచిదే. కానీ బీడీల చేట పొయ్యి పక్కనే ఉండే ఇంట్లో వంటిల్లు కార్ఖానా కూడా. దాని యజమాని ఇంట్లో లేడు, గోడ అవతల ఉన్నాడు. కూల్చేముందు వాడి పేరు తెలియాలి.

బీడీ గురించి రాయడానికి నిజామాబాద్ దాకా పోనక్కర్లేదు, సారపాక నుంచే మొదలుపెట్టొచ్చు. ఎండాకాలంలో మా చుట్టుపక్కల అడవిలో కోయ స్త్రీలు తెల్లవారకముందే తునికాకుకు పోతారు. యాభై ఆకులు ఒక కట్ట. కల్లం దగ్గర అందరి ముందూ లెక్క. అడవుల్లో కోసిన తునికాకు నిజామాబాద్, జగిత్యాల, కోరుట్ల వైపు ఇళ్లకు చేరి, అక్కడ పద్మశాలి, ముస్లిం స్త్రీల చేతుల్లో బీడీ అవుతుంది. ఆకు ఒకటే. అయితే తునికాకు కట్ట రేటు కోసం 1980లలో ఈ అడవుల్లో పెద్ద పోరాటాలు నడిచాయి, రేటు పెరిగింది. ఆకు కోసే మనిషి ఎండలో నలుగురికీ కనిపిస్తుంది, ఆమెను కూలి మనిషి కాదనే ధైర్యం ఎవరికీ లేదు. గడప లోపల వెయ్యి బీడీలు చుట్టేదాకా నడుం ఎత్తని మనిషి మాత్రం 'ఇంట్ల ఉంటది'. కోయ స్త్రీ బతుకు సుఖమని కాదు నా మాట. ఆమె పనికి సాక్షులున్నారు, అంతే.

చట్టం లేదా అంటే ఉండింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగా గుర్తించింది. యజమానులు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. కానీ కార్డు మీద పేరుండాలి గదా? పేరు ఒకరిది, చుట్టేది నలుగురు. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి పెట్టి, 2019లో 2016 చేశారు. అప్పుడు తెలిసింది చాలామందికి, పి.ఎఫ్. కార్డు లేకుండా ఇన్నేళ్లు చుట్టిన బీడీలు సర్కారు కంటికి గాలిలో కలిసిన పొగ అని.

2006 నాటి సచార్ నివేదిక ఒక లెక్క చెప్పింది. పనిచేసే స్త్రీలందరిలో ఇంట్లోనే పనిచేసేవాళ్లు నూటికి 51 మంది, ముస్లిం స్త్రీలలో 70 మంది. దీన్ని మన వెనుకబాటుకు రుజువుగా చూపే వాళ్లున్నారు, మన సంస్కారానికి రుజువుగా చూపే వాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లు బుర్ఖా తీసేస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. రెండోవాళ్లు మా ఆడవాళ్లు రోడ్డెక్కలేదని మీసం తిప్పుతారు. ఈ ఇద్దరి మధ్యా లాభపడేది సేట్. షెడ్డు కట్టనక్కర్లేదు, కరెంటు బిల్లు కట్టనక్కర్లేదు, పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి యూనియన్ పెట్టించుకోనక్కర్లేదు. మన ఇజ్జత్ వాడికి కాపలా కాస్తోంది. సేట్‌లలో మన కలిమా చదివేవాళ్లూ ఉన్నారని రాస్తే మనవాళ్లకే కోపం వస్తుంది. రానీ.

అహ్మదాబాద్‌లో 1972లో ఇలా భట్ మొదలుపెట్టిన 'సేవ' సంఘం దగ్గర నేర్చుకోదగ్గది ఒకటుంది. మిల్లు గుడ్డపీలికలతో బొంతల గలేబులు కుట్టే ముస్లిం స్త్రీలు రేటు పెంచమని వ్యాపారుల మీద నిలబడ్డారు. వ్యాపారులు కక్షకొద్దీ పని ఇబ్బంది పెడితే సొంతంగా సహకార సంఘం పెట్టుకున్నారు. పరదా ఉందా లేదా అన్నదాని దగ్గర ఆగకుండా, గలేబుకు ఎంత అన్నదాని దగ్గర మొదలుపెట్టారు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని చేసేవాళ్ల కోసం ఒక ఒడంబడిక చేసింది. మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు. మన సభల్లో ఎన్ని తీర్మానాలు చదివారో, ఇది మాత్రం నేను వినలేదు.

అమ్మీ ఇప్పుడు మిషను తొక్కడం లేదు, మోకాళ్లు పోయాయి. మొన్న సారపాక పోయినప్పుడు పక్కింట్లో ఇద్దరు పిల్లలు మగ్గం చట్రానికి చెరోవైపు కూర్చుని జాకెట్టు చేతుల మీద పూసలు కుడుతున్నారు. ఇద్దరూ ఇంటర్ దాకా చదివారు. జాకెట్టుకు ఇంత అని దుకాణమతను ఇస్తాడట. వాళ్లమ్మ నాకు చాయ్ ఇస్తూ, "ఏం లేదు భాయ్, ఖాళీగా ఇంట్లో ఉన్నారు గదా, టైంపాస్" అంది. ఒక జాకెట్టుకు ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. పెద్దది మూడు రోజులంది. దుకాణంలో దాన్ని ఎంతకు అమ్ముతారని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత చిన్నది సూది చట్రానికి గుచ్చి, "ఆ సంగతి మేమెప్పుడూ అడగలే చాచా" అంది.