పాట కింద రెండో పేరు

సంగీత గురువు పోయినప్పుడు ముందు బిరుదులు లెక్కపెడతాం, తర్వాత శిష్యుల పేర్లు. 2014 డిసెంబర్ 8న విశాఖపట్నంలో కన్నుమూసిన నేదునూరి కృష్ణమూర్తి విషయంలో ఈ రెంటికీ కొదవలేదు. 1991లో మద్రాసు సంగీత అకాడమీ ఇచ్చిన సంగీత కళానిధి ఉంది, మల్లాది సోదరుల వంటి శిష్యులున్నారు, సంగీత కళాశాలల్లో ప్రిన్సిపాల్‌గా చేసిన ఏళ్లున్నాయి. అయినా ఆయన గురుత్వంలో ఇదంతా చిన్న పాలే. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్లు, తంబురా శ్రుతి చేయడం రానివాళ్లు, పెళ్లింట్లో ఒకటి, శనివారం భజనలో ఒకటి పాడేవాళ్లు కూడా ఆయన దగ్గరే రాగం నేర్చుకున్నారు. అన్నమయ్య పదాలకు ఆయన కట్టిన వరుసలే వాళ్లకు పాఠాలు. స్వరపరచడమంటే దూరాన కూర్చున్నవాడికి పాఠం చెప్పడమేనని నా వాదం.

ఆ వరుసల వెనుక ఉన్న చదువు తక్కువది కాదు. 1927లో పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో పుట్టిన నేదునూరి విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ద్వారం నరసింగరావు నాయుడు దగ్గర గాత్రంతోపాటు వయొలిన్ కూడా నేర్చారు. మెట్లు లేని వాద్యమది. స్వరం ఎక్కడుందో, అక్కడికి ఏ దారిన చేరాలో వేలే వెతుక్కోవాలి. తర్వాత, 1949లో, శ్రీపాద పినాకపాణి సాన్నిధ్యం దొరికింది. విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన ఆ డాక్టరుగారు తంజావూరు బాణీని సాధించి ఆంధ్రులకు అందించారు. గమకాన్ని సైతం కాగితం మీద పెట్టవచ్చని నమ్మి, ఒక్కో స్వరం ఊగే తీరును విడమరిచి స్వరలిపి రాశారు. నాడి చూసే చెయ్యి కదా, ఊపును లెక్కగట్టడం దానికి అలవాటే!

ఇక పాఠాలు ఎలా సాగాయో చూద్దాం. ‘నానాటి బతుకు’ రేవతి రాగంలో ఉంది. స రి మ ప ని, అయిదే స్వరాలు. శుద్ధ రిషభం నుంచి మధ్యమానికి, పంచమం నుంచి నిషాదానికి గెంతక తప్పదు. రాగంలోని దిగులంతా ఆ ఖాళీల్లోనే ఉంది. పాడేవాడు పొరపాటున గాంధారాన్ని తాకితే పాట దారి తప్పిందని సరిగమలు రాని ఇల్లాలు కూడా పట్టేస్తుంది. వర్జ్య స్వరమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెవి చెప్పింది. ‘ఏమొకో’ తిలంగ్‌లో పైకి వెళ్లేటప్పుడు కాకలి నిషాదం, దిగేటప్పుడు కైశికి. ఒకే పేరున్న స్వరం రెండు చోట్ల నిలుస్తుందన్న సంగతి శాస్త్రం చదవకుండానే గొంతుకు పట్టుబడుతుంది. ఖరహరప్రియలోని ‘ఒకపరి కొకపరి’ ఇంకాస్త గట్టి పాఠం. గాంధారాన్ని కదలకుండా నిలబెడితే హార్మోనియం మెట్టు నొక్కినట్టుంటుంది తప్ప రాగం పలకదు, అది ఊగాలి. ఈ మూడింటిలోనూ మాట విరుపును స్వరం మింగేయదు. అర్థం తెలిసి పాడేవాడికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వరుసే చూపిస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. తిరుమల రాగిరేకుల మీద ప్రతి పదానికీ రాగం పేరు చెక్కి ఉంది. రేవతి అన్నమయ్య కాలంలో వినబడిన పేరు కాదు, తిలంగ్ ఉత్తరాది నుంచి వచ్చింది. మరి ఇది పదకర్తకు ద్రోహం కాదా? పాత సంగీతాన్ని తవ్వి తీశానని చెప్పుకుంటే ద్రోహమే. కానీ రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. త్యాగరాజ కృతులను శిష్య పరంపర గొంతులో మోసుకొచ్చింది. అన్నమయ్యకు ఆ భాగ్యం తెగిపోయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలకైనా కొత్తగా వరుస కట్టడం తప్ప దారి లేకపోయింది. రేకు మీది రాగాన్నే తీసుకున్నా, కట్టిన వరుస ఇరవయ్యో శతాబ్దిదే అవుతుంది. ఇవి లలిత గీతాల్లా ఉన్నాయనే రెండో మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అంతటి విద్వాంసురాలు అన్నమయ్య పదాలను ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నారు.

రికార్డులున్నాయి, పుస్తకాలున్నాయి, ఇంకా గురువు మాటెందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. పినాకపాణి అంత వివరంగా రాశాక కూడా ఆ కాగితం పక్కన గొంతు కావలసివచ్చింది. రాసింది సరిగా పలికిందో లేదో కాగితం చెప్పలేదు. అమెరికాలో బ్లూగ్రాస్ సంగీతానికి ఆద్యుడైన బిల్ మన్రో చదువూ ఇలాంటిదే. కెంటకీ పల్లెల్లో మేనమామ పెన్ వాండివర్ ఫిడేలు వాయిస్తుంటే పక్కన గిటార్ పట్టుకుని, విని నేర్చాడు. తర్వాత ఆ మేనమామ పేరునే ఒక పాటకు పెట్టాడు. అందుకే ఊరు దాటని ఆ ఫిడేలు మనిషి పేరు ఈనాటికీ నిలిచింది.

మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. కచేరీ కరపత్రంలోనూ యూట్యూబ్ వీడియో కిందా ‘రచన: అన్నమాచార్య’ అని వేసి ఊరుకుంటాం. వినేవాడు వరుస కూడా అన్నమయ్యదే అనుకుంటాడు. ఇందాక అన్న ద్రోహమేదైనా జరుగుతుంటే అది ఇక్కడే జరుగుతోంది, అదీ ఇద్దరికీ. ‘నానాటి బతుకు’ పాడే ప్రతివారినీ కోరేది ఒక్కటే. ఆ పేరు కిందే మరో వరుస చేర్చండి: స్వరరచన, నేదునూరి కృష్ణమూర్తి.